మా జేఏసీ కన్వీనర్ అత్తమ్మకు

అత్తమ్మా,

ఎట్లా ఉన్నావని అడగను. బతికున్నప్పుడే ఆ ప్రశ్న నీకు గిట్టేది కాదు. నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లూ నీకు రాయలేదు. ఇవాళ రాస్తున్నది కూడా ప్రేమ పొంగుకొచ్చి కాదు... విసుగు పట్టలేక.

నువ్వు పోతూ పోతూ నా నెత్తిన ఏమేం పెట్టి పోయావో ఎప్పుడైనా ఆలోచించావా? కుట్టుమిషన్ ఒకటి, రోజూ నీళ్లడిగే కనకాంబరం మొక్కలు, నీతో రైల్లో డయాలసిస్‌కు వచ్చే మనుషులు, అద్దాలు కుట్టిన ఆ బ్యానర్. వీటికి తోడు ఇప్పుడు బాపు.

అవును. మీ అన్నకూ అదే వచ్చింది. నీ కిడ్నీలను బీపీ తిన్నది, ఆయనవి షుగర్ తిన్నది. నీ సంవత్సరీకం కూడా కాకముందే కాళ్లు వాచాయి, అన్నం సయించడం మానేసింది. నువ్వు పడుకున్న దవాఖానలోనే, నువ్వు పడుకున్న గదిలోనే ఆయననూ మిషన్ మీద పడుకోబెట్టారు. వారానికి రెండు రోజులు, సోమవారం, గురువారం. పొద్దున కేసముద్రంలో ప్యాసింజర్ ఎక్కి వరంగల్ పోవడం, సాయంత్రానికి తిరిగి రావడం. నాకు దారి కొత్త కాదు. నా సీటు కూడా పాతదే. నా చేతిలో పుస్తకం కూడా.

"పుస్తకంల మొఖం పెట్టి గిప్పటికి ఎన్ని దేశాలు తిరిగినవే పిల్లా? జర కిటికీల నుంచి గూడ సూడు, పైసలియ్యనవసరం లేదు," అనేదానివి. అప్పుడు చూడలేదు. ఇప్పుడు చూద్దామంటే పక్కన బాపు కిటికీ రెక్క దించేస్తాడు. ఎవరైనా చూస్తారని ఆయన భయం.

అత్తమ్మా, నిన్ను కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. ఆయనను లేపడం నా వల్ల కావడం లేదు. ఈ ఇంట్లో మామూలుగా ఉండే మనిషి ఒక్కరు కూడా పుట్టలేదా?

నీ సంగతి తీసుకో. డాక్టర్ రెస్ట్ తీసుకోమంటే ఏమన్నావు? "నాలుగ్గంటలు మిషన్ మీద పండవెడ్తరు గద సారూ. గదే నా రెస్టు. మిగిలిందంత నాదే." ఆ మిగిలినదాంట్లో నువ్వు చెయ్యనిదేముంది? జాకెట్లు కుట్టావు. పెళ్లిళ్లకు మన ఉప్పు లేని డబ్బా పట్టుకొని పోయి, బంతిలో అందరి పక్కన కూర్చొని, వాళ్ల విస్తర్లు చూస్తూ తిన్నావు. భూపాలపల్లిలో మీ ఆడబిడ్డ కొడుకు పెళ్లి ఊరేగింపులో, మరునాడు డయాలసిస్ పెట్టుకొని, డప్పుల ముందు ఎగిరావు. నేను డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన నీ ఎడమ చెయ్యి ఎవరికీ తగలకుండా నీ చుట్టూ తిరుగుతుంటే, చూసినవాళ్లు నేనూ ఎగురుతున్నాననుకున్నారు. జనగామ కాన్వెంట్‌లో సిస్టర్ల ముందు స్టేజీ ఎక్కమంటే ఏడ్చిన పిల్లను నేను! ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఇక ఆ టెంటు...

నీకు గుర్తుందా, అప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక జేఏసీ ఉండేది. టీచర్లకు, లాయర్లకు, ఆటోవాళ్లకు, కల్లుగీసేవాళ్లకు, చాకళ్లకు. తెలంగాణ కోసం రోజుకొక సంఘం చొప్పున మార్కెట్ దగ్గరి టెంటులో రిలే నిరాహార దీక్షకు కూర్చునేది. నువ్వు రైలు దిగి వస్తూ వస్తూ ఆ టెంటు ముందు ఆగిపోయావు. నీతో డయాలసిస్‌కు వచ్చే యాకూబ్ చిచ్చా, మంగ్లక్క, మిగతావాళ్లు కూడా ఆగారు. అందరూ అలసిపోయి ఇంటికి చేరితే చాలుననుకుంటున్నారు.

"అందరికి ఉన్నది. మనకెందుకు లేదు? ఒక్క రైల్ల పోతున్నం, ఒక్క గదిల పండుతున్నం, ఒక్క నీళ్ల కోసమే ఏడుస్తున్నం. మనకన్న గట్టి సంఘం ఎవలదున్నదో సూపియ్యుండ్రి," అన్నావు.

డయాలసిస్ పేషెంట్ల జేఏసీ! నేను సిగ్గుతో చచ్చిపోయాను. కన్వీనర్‌వు నువ్వే. సైకిళ్లు బాగుచేసే యాకూబ్ చిచ్చా కో-కన్వీనర్. తండా నుంచి వచ్చే మంగ్లక్క కోశాధికారి... కోశం లేకపోయినా. తెల్లగుడ్డ నువ్వు కుట్టావు, అక్షరాలు నాతో రాయించావు, అంచుకు మంగ్లక్క తన పాత రవికెలోని అద్దాలు తీసి కుట్టింది. ఎండ పడితే రోడ్డవతల చాయ్ హోటల్ వాళ్లు కళ్లు మూసుకునేవాళ్లు.

షుగర్ ఉన్నవాళ్లు ఉపవాసం ఉండకూడదని దవాఖానలో నర్సు గట్టిగా చెప్పింది. దానికి నువ్వు చేసిన ఏర్పాటు... షుగర్ ఉన్నవాళ్లు టెంటు వెనక కూర్చొని తినడం, లేనివాళ్లు టెంటు ముందు కూర్చొని ఉపవాసం ఉండడం. మధ్యాహ్నం విలేకరి ఒకాయన ఫోటో కోసం వెనక్కి పోయి చూసేసరికి, యాకూబ్ చిచ్చా ఇడ్లీతో దొరికిపోయాడు. నువ్వు ఏమాత్రం తడబడకుండా, "గాయిన లోపట బ్యాచ్ సార్, రాసుకో," అన్నావు.

సాయంత్రం మానుకోట నుంచి వచ్చిన నాయకుడు దీక్ష విరమింపజేయడానికి మీ అందరికీ నిండు గ్లాసుల్లో నిమ్మరసం ఇవ్వబోయాడు. ఒక్కో గ్లాసు డాక్టర్ మీకు లెక్కపెట్టి ఇచ్చిన పూట నీళ్లంత ఉంది. వద్దంటే ఆయనకు అవమానం, తాగితే మీకు ఆయాసం. నువ్వు ఒక గ్లాసు తీసుకొని, చెంచాతో అందరి నోట్లో తీర్థంలాగా పోసి, మిగిలింది ఆయన చేతికే ఇచ్చావు. "మీరె తాగుండ్రి సారూ, పొద్దటి సంది మాట్లాడి మాట్లాడి మీ గొంతె ఎక్వ ఎండింది." జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం నీ పాదాల వాపే చూస్తూ కూర్చున్నాను.

నువ్వు పోయినప్పుడు చుట్టాలంతా ఒక్కటే మాట. ఇంటిపట్టున ఉంటే ఇంకా బతికేదని. టెంటు తిన్నదని, రైలు తిన్నదని. డాక్టర్ నాతో వేరుగా చెప్పాడు. ఇది గుండె చేసిన పని, ఆమె ఎక్కడ కూర్చున్నా వచ్చేదే అన్నాడు. ఆ మాట నేను అందరికీ చెప్పాను. ఎవరూ వినలేదు. నేను గట్టిగా చెప్పలేదేమో. గట్టిగా చెప్పడం నాకెప్పుడు వచ్చింది?

బాపు మాత్రం చుట్టాల మాటే నమ్మాడు. అందుకే కదలడు. కదిలితే నీలాగా పోతానని. మంచం, గోడ, దుప్పటి. గోడవైపు తిరిగి పడుకుంటాడు. మార్కెట్ నుంచి ఆయన సోపతులు వస్తే నిద్రపోతున్నానని చెప్పమంటాడు. చేతికి చేసిన ఆపరేషన్ దగ్గర నరం ఉబ్బి తాడులాగా కనిపిస్తుంది కదా, దాన్ని ఎవరూ చూడకుండా ఎండాకాలంలో కూడా తువ్వాల చుట్టుకున్నాడు. ఒకప్పుడు మన సొంతూరు దంతాలపల్లిలో పంచాయితీలు చెప్పిన మనిషి, "గీ చెయ్యి పట్టుకొని నలుగురిల ఎట్ల తిరగాలె బిడ్డా," అంటాడు.

ఊళ్లో అందరూ నన్నే అడుగుతారు. మీ అత్త ఎంత హుషారుగా ఉండేది, అదేదో మీ బాపుకు జర నేర్పరాదా, అని. అదేమన్నా పచ్చడి పెట్టే పద్ధతా? నువ్వు చెప్పి పోయావా నాకు?

నాకు తోచినవన్నీ చేశాను. పేపర్ చదివి వినిపించాను. గేటు దాకా నడుద్దామన్నాను. నీ కనకాంబరాలకు నీళ్లు పోయమని చెంబు చేతికిచ్చాను. ఒకరోజు విసుక్కొని, అత్తమ్మ అయితే ఈపాటికి ఊరంతా తిరిగి వచ్చేది అన్నాను. ఆయన గోడవైపు నుంచి తిరగకుండానే అన్నాడు... "గట్ల తిరిగే పోయింది. నన్ను గూడ తోలుదామని సూస్తున్నవా?"

దానికి ఏం చెప్పాలి, అత్తమ్మా?

చెబుదామని ఒకటి నోటి దాకా వచ్చింది. వరంగల్ స్టేషన్ బెంచీ మీద ఆ మధ్యాహ్నం. మిషన్ దిగాక నీ కాళ్లకు తిమ్మిర్లు పట్టి, నా ఒళ్లో తల పెట్టి పడుకున్నావు. కళ్లు మూసుకొనే ఏడ్చావు. నేను పుస్తకం మూసి, ఏం చెయ్యాలో తెలియక నీ జుట్టు సవరించాను. కాసేపటికి లేచి ముక్కు చీది, మిరపకాయ బజ్జీ ఒకటి కొనుక్కురమ్మన్నావు. నేను కుదరదన్నాను. "తిననే. వాసన సూస్త. వాసనకు డాక్టర్ లెక్క పెట్టలే." బజ్జీని పేపర్‌లో పట్టుకొని, రైలు వచ్చేదాకా వాసన చూశావు. తర్వాత నన్ను తినమన్నావు. నేను తింటుంటే ఎట్లా ఉందని ముక్క ముక్కకూ అడిగావు...

నువ్వు హుషారుగా పుట్టలేదు. రోజూ దాన్ని ఎక్కడి నుంచో తెచ్చుకునేదానివి. ఎక్కడి నుంచో మాత్రం నాకు తెలియదు. తెలియని సంగతి బాపుకు ఏం చెప్పను? చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. తెలంగాణ కోసం ఇప్పుడు సమ్మె నడుస్తోంది. బడులు లేవు, బస్సులు లేవు. మొన్న సోమవారం రైళ్లు కూడా ఆపారు. స్టేషన్ దాకా పోయి తిరిగి వచ్చాం. బాపుకు అది సాకు దొరికినట్టయింది. చెప్పులు విప్పి, మంచమెక్కి, "ఇగ బంద్. బేస్తారం నుంచి నేను రాను. నన్ను అడగకు," అన్నాడు. అలిగి అన్న మాట కాదు. పొలం పంచాయితీ తెంపినప్పుడు ఎట్లా అంటాడో అట్లా అన్నాడు.

మంగళవారం ముఖం ఉబ్బింది. బుధవారం వెల్లకిలా పడుకోలేక దిండ్లు ఆనించుకొని కూర్చున్నాడు. ఊపిరి తీస్తుంటే చప్పుడు బయటి గదికి వినిపించింది. నేను బతిమిలాడాను. కోప్పడ్డాను. ఆయన ప్లేటు విసురుగా పెట్టాను కూడా. ఆయన గోడతోనే ఉన్నాడు. రెండు డయాలసిస్‌లు తప్పితే ఏమవుతుందో ఆయనకూ తెలుసు.

నిన్న, ఆయన రానన్న ఆ గురువారం పొద్దున్నే మంగ్లక్క వచ్చింది. ఆమె అల్లుడి ట్రాలీ ఆటోలో, వెనక గడ్డి పరిచి దాని మీద జంపఖానా వేసుకొని. యాకూబ్ చిచ్చా అప్పటికే దాంట్లో ఉన్నాడు, పక్క కడ్డీ పట్టుకొని ఆయాసపడుతున్నాడు. ఆటో ముందు మన బ్యానర్ కట్టి ఉంది. నన్ను అడగకుండా దండెం మీది నుంచి ఎప్పుడు తీసుకుపోయిందో!

బాపు రానంటున్నాడని వాకిట్లోనే చెప్పాను. ఆమె నన్ను దాటుకొని లోపలికి పోయింది. మంచం పక్కన కింద కూర్చుంది. తనకెంత ఆయాసంగా ఉందో చెప్పలేదు. ప్రాణం విలువ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"పటేలా, రోడ్డు పొడుగునా బంద్ ఉన్నదట. మా అల్లుడు పోరడు, మాట్లాడరాదు. నేనేమొ తండాదాన్ని, నా మాట ఎవడింటడు? యాకూబుకు ఊపిరే అందుతలేదు. ముందట నీ అసొంటి మనిషి కూసుంటె మమ్ముల పోనిస్తరు. నువ్వు సూది పెట్టిచ్చుకోకు. బయట అరుగు మీద కూసో. మమ్ముల జర దవాఖాన దాక దాటియ్యి."

బాపు ముందు ఆమె వైపు తిరిగాడు. తర్వాత నావైపు తిరిగి, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ ఉందా అని అడిగాడు.

ఉంది. నేను పరుగెత్తాను.

ఆయన ముందు కూర్చున్నాడు. తువ్వాల చెయ్యి చుట్టూ గట్టిగానే ఉంది. నెక్కొండ దాటాక రోడ్డుకు అడ్డంగా రాళ్లు, ముళ్లకంప. పక్కనే ఆడవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. పదిమంది యువకులు ఆటోను చుట్టుముట్టారు. బాపు దిగి, గొంతు సవరించి, తాను దంతాలపల్లి పటేల్‌నని చెప్పాడు.

"అయితేంది బాపూ? గిక్కడ మంత్రి వచ్చినా ఆగుడే," అన్నాడు వాళ్లలో ఒకడు.

దవాఖానకు పోతున్నామన్నాడు బాపు. వాళ్లు నవ్వారు. "అందరు దవాఖానకే పోతరు. మొన్న ఒగడు చేతికి గిట్లనే గుడ్డ చుట్టుకొని, చావుబతుకుల మీద ఉన్ననని పోయిండు. పొద్దుమీకినంక నెత్తిన తలంబాలతోని వచ్చిండు." ఇంకొకడు బ్యానర్ చదివి, "డయాలసిస్ జేఏసీనా? గిది ఎన్నడు వెట్టిండ్రె?" అని పకపకా నవ్వాడు.

నేను మాట్లాడదామని నోరు తెరిచాను. నన్ను నమ్ము అత్తమ్మా, తెరిచాను. మాట రాలేదు. వెనక యాకూబ్ చిచ్చా దగ్గు ఎంతకూ ఆగడం లేదు. బాపు ఒకసారి వెనక్కి చూశాడు. తర్వాత తువ్వాల విప్పి భుజాన వేసుకున్నాడు.

"ఇటు రా బిడ్డా. చెయ్యి తే. గీన్నే పెట్టు."

నవ్విన అబ్బాయి, రక్తం ఉరికే ఆ ఉబ్బిన నరం మీద చెయ్యి పెట్టాడు. షాక్ కొట్టినట్టు వెనక్కి తీసుకున్నాడు. "అరే! లోపట మోటర్ నడుస్తున్నదిరా!"

"గది ఆగితె నేను ఆగుత. ఇప్పుడు చెప్పు. ఆపుతవా, పోనిస్తవా?" అన్నాడు బాపు. బ్యానర్ వైపు చెయ్యి చూపించి, "గిది మా చెల్లె వెట్టిన జేఏసీ. మీ టెంటుల కూసున్నోళ్లమే మేము గూడ," అన్నాడు.

మేము. ఆయన ఒక్కరోజు కూడా ఆ టెంటు దగ్గరికి రాలేదు! నువ్వు పోతుంటే గేటు దగ్గర నిలబడి తిట్టినవాడు!

రాళ్లు వెంటనే తీశారు. అయినా కదిలామా? లేదు. వంట చేస్తున్న ఆడవాళ్లు గరిటెలతో సహా వచ్చారు. అందరికీ ఆ మోటరు చూడాలని. బాపు ఒక్కొక్కరి చెయ్యి పట్టుకొని తన చేతి మీద పెట్టించాడు. రక్తం ఎట్లా బయటికి పోతుందో, మిషన్‌లో ఎట్లా కడుగుతారో, మళ్లీ ఎట్లా లోపలికి వస్తుందో పంచాయితీ చెప్పినట్టు చెప్పాడు. ఊపిరి అందడం లేదు, మాట మధ్యలో ఆగి ఎగపోస్తాడు, మళ్లీ మొదలుపెడతాడు. ఒక ముసలామె తన మోకాళ్లు కూడా ఆ మిషన్‌లో కడుగుతారా అని అడిగితే దానికీ జవాబు చెప్పాడు. ఆలస్యమవుతోంది బాపూ, అని నేను వెనక నుంచి మూడుసార్లు అన్నాను. అంటే, నా గొంతులో నేను అన్నాను. చివరికి మంగ్లక్క, "పటేలా, నువ్వు మీటింగు ఇంకో దినం పెట్టుకో, ఇక్కడ మేం సస్తున్నం," అని అరిస్తే అప్పుడు ఎక్కాడు.

ఆ పిల్లలే రెండు బైకులు ముందు పెట్టి, దారిలోని అడ్డంకులన్నీ తీయిస్తూ వరంగల్ దాకా తీసుకుపోయారు.

దవాఖాన అరుగు మీద ఎవరూ కూర్చోలేదు. ఆ మాట మంగ్లక్క ఎత్తలేదు, బాపూ ఎత్తలేదు. నర్సు పేరు పిలిస్తే లోపలికి పోయి చెయ్యి చాపాడు. నేను బయట కూర్చొని పుస్తకం తెరిచాను. ఎంతసేపటికీ అదే పేజీ. అద్దంలో నుంచి చూస్తే, పక్క మంచం మీది యాకూబ్ చిచ్చాతో పత్తి ధర గురించి కొట్లాడుతున్నాడు. ఊపిరి చప్పుడు తగ్గింది. కొట్లాట చప్పుడు పెరిగింది. నర్సు నన్ను పిలిచి, మీ బాపును కాస్త మెల్లగా మాట్లాడమను అంది. నాకు నవ్వు రావాలి కదా? వంగి ఆయన చెప్పులు సర్దుతూ కూర్చున్నాను.

రాత్రికి రాత్రి ఆయనేమీ మారిపోలేదు. ఇవాళ పొద్దున మళ్లీ కాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒళ్లంతా నొప్పులన్నాడు. నిజమే అయి ఉంటుంది. సోమవారం వస్తాడా? అడిగాను. "ఆటో ఎన్ని గంటలకు వస్తదట?" అన్నాడు.

మరి విసుగెందుకు అంటావా? చెబుతాను. నిన్న తిరిగి వచ్చేటప్పుడు, ఆటో దిగుతూ దిగుతూ, ఆయన ఆ బండిలోని అందరినీ ఆదివారం మన ఇంటికి భోజనానికి పిలిచాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. బైకుల పిల్లలను కూడా పిలిచాడట! యాకూబ్ చిచ్చాకు ఉప్పు వద్దు, తీపి వద్దు. మంగ్లక్కకు పప్పు వద్దు, ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోయాలి. బాపుకు అన్నీ వద్దు. ఆ పిల్లలకు మాత్రం కారం దట్టించిన కోడికూర కావాలి. ఒక్క పొయ్యి మీద ఇవన్నీ ఎట్లా చెయ్యాలి? ముందు ఏది వండేదానివి? అందరినీ ఒక్క బంతిలోనే కూర్చోబెట్టేదానివా?

పిలవడం మీ అన్నాచెల్లెళ్లకు తెలుసు. వండడం నాకు మిగులుతుంది.

సరే. వండుతాను. వడ్డించేటప్పుడు అందరికీ వినిపించేలా, ఎవరి కూర ఏదో నేనే చెబుతాను. తల ఎత్తే చెబుతాను. మాట ఇస్తున్నాను.

ఇక పోయి కోడి కోసం చెప్పి రావాలి.

నీ
సంధ్య